ఇంటి నుంచి పార్ట్‌టైమ్ పని: మోసపోకుండా వెతుక్కునే పద్ధతి, మొదటి మెట్టు నుంచి

"ఈ మెసేజ్ నిజమేనా, చూసి చెప్పండి" అంటూ నాకు స్క్రీన్‌షాట్లు వస్తూనే ఉంటాయి. రోజుకు రెండు గంటలు, ఇంట్లో కూర్చుని, అనుభవం అక్కర్లేదు, ఏ రోజు డబ్బు ఆ రోజే. దానికి జవాబు చెప్పడానికి అరనిమిషం కూడా పట్టదు. ఆ తర్వాత వచ్చే ప్రశ్నకే సమయం కావాలి: "సరే, ఇది మోసం. మరి నిజమైన పని ఎలా వెతకాలి?" దీనికి ముక్కలు ముక్కలుగా జవాబిస్తూ వచ్చాను, ఈసారి మొత్తం వరుసగా రాస్తున్నాను.

మోసపోయినవాళ్లతో మాట్లాడినప్పుడల్లా నాకు ఒకటే కనిపించింది. వాళ్లకు తెలివి తక్కువై కాదు, "ఏ పనైనా పర్వాలేదు, ఏదో ఒకటి దొరికితే చాలు" అనుకుంటూ వెతకడం వల్లే చిక్కుకున్నారు. తనకు ఏ పని కావాలో, దానికి మామూలుగా ఎంత ఇస్తారో తెలిసిన మనిషికి దొంగ ఆఫర్ మొదటి రెండు వాక్యాల్లోనే తేడాగా అనిపిస్తుంది. అందుకే ఇక్కడ తనిఖీల కంటే ముందు మీ సంగతి వస్తుంది. మొదటి రెండు మెట్లు బోర్ కొట్టినా దాటేయకండి.

1. ముందు కాగితం మీద: ఏ పని, ఏ గంటల్లో, ఎంతకు

ఫోన్ పక్కన పెట్టి ఒక కాగితం తీసుకోండి.

మొదట మీకు ఇప్పటికే వచ్చిన పని రాయండి. "కంప్యూటర్ వచ్చు" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. "ఎక్సెల్‌లో నెల ఖర్చుల పట్టిక వేసి లెక్క సరిచూడగలను", "హైస్కూల్ పిల్లలకు లెక్కలు చెప్పగలను", "పది నిమిషాల వీడియోకు తప్పుల్లేకుండా సబ్‌టైటిల్స్ రాయగలను" అన్నట్టు, అవతలివాళ్లు డబ్బిచ్చి చేయించుకునే రూపంలో రాయండి. ఇలాంటివి మూడు దొరికితే చాలు.

తర్వాత మీ గంటలు. రోజుకు నాలుగు గంటలు ఖాళీ అంటే సరిపోదు, అవి ఒకేసారి దొరుకుతాయా, ముక్కలుగా దొరుకుతాయా అన్నది చూడాలి. పసిపిల్లలున్న ఇంట్లో నాలుగు గంటలంటే నిజానికి నలభై నిమిషాల ముక్కలు ఆరు. దాన్నిబట్టే పని ఎంచుకోవాలి:

- కస్టమర్ సపోర్ట్ (ఫోన్ లేదా చాట్): షిఫ్ట్ ప్రకారం కదలకుండా కూర్చోవాలి, ఫోన్ అయితే గది నిశ్శబ్దంగా ఉండాలి.
- ఆన్‌లైన్ ట్యూషన్: సాయంత్రాలు, సెలవు రోజులు ఖాళీ ఉన్నవాళ్లకు బాగుంటుంది.
- అనువాదం, ప్రూఫ్‌రీడింగ్, సబ్‌టైటిల్స్, ట్రాన్స్‌క్రిప్షన్ (ఆడియో విని టైప్ చేయడం): ముక్కల సమయంలోనూ చేయొచ్చు, గడువు మాత్రం తప్పకూడదు. ఈ రంగాల్లో ఇప్పుడు చాలా పని మెషిన్ చేసిన డ్రాఫ్టును సరిదిద్దడమే, రేటు కూడా దానికి తగ్గట్టే తక్కువ ఉంటుంది.
- అకౌంట్లు రాయడం: నెలాఖరులో ఒత్తిడి, మిగతా రోజుల్లో తేలిక.
- వర్చువల్ అసిస్టెంట్: మెయిళ్లు, అపాయింట్‌మెంట్లు, ఫైళ్లు చూడటం. రోజూ కొంత సమయం ఇవ్వాలి.
- డేటా అనోటేషన్ (ఫొటోలకు, వాక్యాలకు గుర్తులు పెట్టడం), వెబ్‌సైట్ టెస్టింగ్, సర్వేలు: ఒక వారం ఉంటుంది, మరో వారం ఉండదు. నెల ఖర్చులకు దీన్నే నమ్ముకోకండి.

ఆఖరున డబ్బు. ఎంత ఇస్తారన్నది కాక, గంటకు ఎంత పడుతుందో లెక్క వేయండి. ట్రాన్స్‌క్రిప్షన్‌నే తీసుకోండి, "ఒక గంట ఆడియోకు ఇంత" అంటారు, కానీ కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఒక గంట ఆడియో టైప్ చేయడానికి నాలుగు గంటలు పడుతుంది, మాటలు స్పష్టంగా లేకపోతే ఇంకా ఎక్కువ. అంటే వాళ్లు చెప్పిన మొత్తాన్ని నాలుగుతో భాగించాలి. మీరు ఎంచుకున్న పనికి కనీసం పది నిజమైన ప్రకటనలు చదివి, రేట్లు ఆ కాగితం మీదే రాసుకోండి. రేపు ఎవరైనా లైకులు కొట్టడానికి అనుభవమున్న అకౌంటెంట్‌కు ఇచ్చేంత ఇస్తామన్నప్పుడు ఈ కాగితమే మిమ్మల్ని ఆపుతుంది.

2. దరఖాస్తుకు ముందు సిద్ధం చేసుకోవలసినవి

ఈ మెట్టుకు ఒక వారాంతం ఇవ్వండి.

- పని కోసం విడిగా ఒక ఈమెయిల్, వేరే ఎక్కడా వాడని పాస్‌వర్డ్, రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగేది). వీలైతే వేరే ఫోన్ నంబర్ కూడా.
- డబ్బు రావడానికి విడిగా ఒక బ్యాంకు ఖాతా. మీ పొదుపు మొత్తం ఉన్న ఖాతా వివరాలు కొత్తవాళ్లకు ఇవ్వకండి.
- ఒక పేజీ రెజ్యూమె. అందులో ఇంటి చిరునామా, పుట్టినతేదీ, గుర్తింపు కార్డు నంబర్ ఉండకూడదు. ఊరి పేరు, ఈమెయిల్ చాలు.
- మూడు పని నమూనాలు.

నమూనాల దగ్గరే చాలామంది ఆగిపోతారు, "నాకు అనుభవమే లేదు కదా" అంటారు. నమూనాకు క్లయింట్ అక్కర్లేదు. అనువాదం అయితే అందరికీ అందుబాటులో ఉన్న ఒక ప్రభుత్వ సమాచార పత్రం తీసుకుని ఒక పేజీ అనువదించండి. అకౌంట్లు అయితే ఊహించిన ఒక చిన్న దుకాణానికి మూడు నెలల లెక్కలు తయారు చేయండి. ట్యూషన్ అయితే ఒకే ఒక్క పాఠాన్ని ఏడెనిమిది నిమిషాలు చెప్పి రికార్డు చేయండి. ఇది ఊహించి చేసిన నమూనా అని పైన రాయండి, దాచాల్సిన పనేమీ లేదు. ఇప్పటి ఉద్యోగంలోని ఫైళ్లను మాత్రం నమూనాగా ఎవరికీ చూపించకండి.

ఉద్యోగం చేస్తూ పక్కన ఈ పని చేయాలనుకుంటే మీ ఉద్యోగ ఒప్పందం ఒకసారి చదవండి, బయటి పనికి అనుమతి తప్పనిసరి అని అందులో ఉండొచ్చు. వచ్చే ఆదాయానికి పన్ను లెక్క కూడా మొదటి రోజు నుంచే రాసి పెట్టుకోండి.

3. ఎక్కడ వెతకాలి, ఏ వరుసలో

చాలామంది గూగుల్‌లో "వర్క్ ఫ్రమ్ హోమ్ జాబ్స్" అని కొట్టి మొదలుపెడతారు. మోసగాళ్లు కూడా సరిగ్గా ఆ మాటల దగ్గరే కాచుకుని ఉంటారు. పని పేరుతో వెతకండి, "పార్ట్‌టైమ్ రిమోట్ బుక్‌కీపర్", "ఫ్రీలాన్స్ సబ్‌టైటిల్ ఎడిటర్" అన్నట్టు. నేనైతే ఈ వరుస పాటించమంటాను.

మొదట తెలిసినవాళ్లు. పాత ఆఫీసు వాళ్లు, చదువు చెప్పిన టీచర్లు, చిన్న వ్యాపారం నడిపే బంధువులు. మొహమాటం వల్ల దీన్ని ఆఖరుకు నెట్టేస్తారు, కానీ మొదటి పని ఎక్కువగా దొరికేది ఇక్కడే. "ఏదైనా పని ఉంటే చెప్పండి" అని అడిగితే ఎవరికీ ఏమీ గుర్తుకురాదు. ఇలా పంపండి: "నేను చిన్న వ్యాపారాలకు నెలవారీ లెక్కలు రాసే పని మొదలుపెట్టాను. వారానికి పది గంటలు ఇవ్వగలను. నమూనా జత చేశాను. అవసరం ఉన్నవాళ్లు తెలిస్తే నా నంబర్ ఇవ్వండి."

రెండోది, కంపెనీల సొంత వెబ్‌సైట్లలోని కెరీర్స్ పేజీలు. మీ రంగంలో ఒక ఇరవై కంపెనీల జాబితా రాసుకుని వారానికోసారి నేరుగా వెళ్లి చూడండి.

మూడోది, లింక్‌డ్ఇన్ లాంటి ఉద్యోగ వేదికలు. పెద్ద వేదిక మీద కనిపించినంత మాత్రాన ప్రకటన అసలైనదని అనుకోకండి, ఇక్కడ చూసి, అదే ఉద్యోగం కంపెనీ సొంత సైట్‌లో ఉందో లేదో చూసి, వీలైతే అక్కడే దరఖాస్తు పెట్టండి.

నాలుగోది, ఫ్రీలాన్స్ వేదికలు, అంటే విడి పనులు ఇచ్చేవాళ్లూ చేసేవాళ్లూ కలిసే సైట్లు. అప్‌వర్క్‌లో స్థిర ధర పనికి క్లయింట్ ముందే డబ్బు వేదిక దగ్గర జమ చేయాలి, అది జమ అయిందని కనిపించాకే పని మొదలుపెట్టాలి. ఫైవర్‌లో కొనేవాళ్లు ఆర్డర్ పెట్టేటప్పుడే చెల్లిస్తారు, మీ సంపాదన నుంచి వేదిక 20 శాతం తీసుకుంటుంది, కాబట్టి రేటు పెట్టేటప్పుడే ఆ కోత లెక్కలోకి తీసుకోండి. అనువాదకులకు ప్రోజ్ అనే వేదికలో బ్లూ బోర్డ్ ఉంది, ఏ ఏజెన్సీతో పని అనుభవం ఎలా ఉందో అక్కడ అనువాదకులే రాస్తారు. ఇక ప్రోలిఫిక్, అమెజాన్ మెకానికల్ టర్క్ లాంటి చిన్న పనుల సైట్లలో మీ దేశం వాళ్లను తీసుకుంటారో లేదో ముందు చూడండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. "పని కోసం డబ్బు కట్టకూడదు" అనేది గట్టి నియమం, అయినా అప్‌వర్క్‌లో ప్రతిపాదనలు పంపడానికి కనెక్ట్స్ అనే టోకెన్లు కొనాల్సి రావచ్చు, ఫ్లెక్స్‌జాబ్స్ లాంటివి ప్రకటనలు చూపించడానికి చందా తీసుకుంటాయి. తేడా ఏమిటంటే ఇవి వేదిక వాడుకున్నందుకు అందరికీ బహిరంగంగా చెప్పి తీసుకునే రుసుములు. మీకు పని ఇస్తానన్న మనిషే రిజిస్ట్రేషన్, ట్రైనింగ్, కిట్, సెక్యూరిటీ డిపాజిట్ అంటూ డబ్బు అడిగితే మాత్రం, తిరిగి ఇస్తానన్నా సరే, అక్కడితో మాట ఆపేయండి.

4. మోసాలు ఎలా నడుస్తాయి

పేర్లు మారుతుంటాయి కానీ లోపల యంత్రం అదే. అది ఎలా నడుస్తుందో తెలిస్తే కొత్త పేరుతో వచ్చినా గుర్తుపడతారు.

టాస్కుల మోసం: ఇప్పుడు చాలామంది దీంట్లో చిక్కుకుంటున్నారు. అమెరికాలో వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే ఎఫ్‌టీసీకి 2020లో దీని మీద ఒక్క ఫిర్యాదూ లేదు, 2023లో సుమారు 5,000 వచ్చాయి, 2024 మొదటి ఆరు నెలల్లోనే దాదాపు 20,000. నడిచే తీరు ఇది. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో తెలియని నంబర్ నుంచి మెసేజ్ వస్తుంది, వీడియోలు లైక్ చేయాలి, హోటళ్లకు రేటింగ్ ఇవ్వాలి అంటారు. మొదటి రోజు చిన్న మొత్తం నిజంగానే మీ ఖాతాలో పడుతుంది. ఆ డబ్బే ఎర. "నాకు నిజంగా వచ్చింది కదా" అన్న నమ్మకం ఒకసారి కుదిరాక ఎవరెంత చెప్పినా తలకెక్కదు. తర్వాత ఒక గ్రూపులో చేరుస్తారు, అందులో అందరూ తమకు వచ్చిన లాభాల స్క్రీన్‌షాట్లు పెడుతుంటారు, వాళ్లంతా మోసగాళ్ల మనుషులే. ఆపైన "ప్రీమియం టాస్క్" వస్తుంది, దానికి ముందు మీరు డబ్బు వేయాలి, తెర మీద మీ బ్యాలెన్స్ పెరుగుతూ కనిపిస్తుంది. తీసుకోబోతే పన్ను కట్టాలంటారు, ఖాతా స్తంభించిందంటారు, ఒక టాస్క్ తప్పు చేశారు కాబట్టి ఇంకొంత వేస్తేనే మొత్తం విడుదలవుతుందంటారు. నాకు తెలిసిన ఒకావిడ, ముందు వేసింది పోతుందనే భయంతోనే నాలుగుసార్లు వేశారు. తెర మీద కనిపించే ఆ అంకెకు ఏ విలువా లేదు, మొదటిసారే ఆగిపోతే నష్టం మొదటి మొత్తంతోనే ఆగుతుంది.

ఫారాలు నింపే పని: ఇది నాకే జరిగింది. ఒక సంస్థ వందల పేజీలు టైప్ చేయమంది, పది రోజుల గడువు, 98 శాతం కచ్చితత్వం ఉండాలని ఒప్పందం. రాత్రిళ్లు కూర్చుని పూర్తి చేశాను. కచ్చితత్వం తగ్గింది, ఒప్పందం ఉల్లంఘించారు, జరిమానా కట్టకపోతే కేసు వేస్తామంటూ లాయర్ పేరుతో నోటీసు వచ్చింది. రెండు రోజులు అన్నం సహించలేదు. నిజంగా న్యాయం తెలిసిన ఒకరికి చూపిస్తే, ఇది కోర్టు నుంచి వచ్చింది కాదు, కట్టొద్దు, జవాబు కూడా ఇవ్వొద్దు అన్నారు. కట్టలేదు, ఆ తర్వాత ఏమీ జరగలేదు. అక్కడ టైపింగ్ ఎవరికీ అవసరం లేదు, వాళ్ల వ్యాపారమే ఆ జరిమానా. మీకు అలాంటిది వస్తే భయంతో కట్టే ముందు లాయర్‌కు ఒకసారి చూపించండి.

చెక్కు మోసం: ల్యాప్‌టాప్ కొనుక్కోమని చెక్కు పంపుతారు, మొత్తం ఎక్కువైంది, మిగిలింది ఫలానా ఖాతాకు పంపమంటారు. ఖాతాలో డబ్బు కనిపించినంత మాత్రాన చెక్కు చెల్లినట్టు కాదు. అది దొంగ చెక్కని రోజుల తర్వాత తేలినప్పుడు బ్యాంకు ఆ మొత్తం వెనక్కి తీసుకుంటుంది, మీరు పంపింది మాత్రం పోయినట్టే.

మీ ఖాతా వాడుకునే పనులు: "మా క్లయింట్ల డబ్బు మీ ఖాతాకు వస్తుంది, కమిషన్ ఉంచుకుని మిగిలింది పంపండి", "పార్శిళ్లు మీ ఇంటికి వస్తాయి, లేబుల్ మార్చి మళ్లీ పంపండి", "మీ ఫ్రీలాన్స్ ఖాతా మాకు అద్దెకివ్వండి". వీటిలో మీ డబ్బు పోకపోవచ్చు, అంతకంటే పెద్ద ప్రమాదం ఉంది. అవి వేరేవాళ్ల దగ్గర దొంగిలించిన డబ్బూ వస్తువులూ కావచ్చు, పోలీసులు వచ్చేది మీ పేరు వెతుక్కుంటూ.

మనుషుల్ని చేర్పిస్తేనే సంపాదన వచ్చే పథకాలు కూడా ఉద్యోగాల వేషంలో వస్తాయి. సరుకు అమ్మడం కన్నా మనుషుల్ని చేర్చడం గురించే ఎక్కువ మాట్లాడుతున్నారంటే అది మీరు వెతుకుతున్న పని కాదు.

5. ఇరవై నిమిషాల తనిఖీ

ఆఫర్ నచ్చినప్పుడే ఇది చేయాలి. అసలు ఇబ్బంది ఏమిటంటే నచ్చినప్పుడే చేయబుద్ధి కాదు. టైమర్ పెట్టుకుని కూర్చోండి.

(అ) ఈమెయిల్ చిరునామా చూడండి. కంపెనీ సైట్ "అసలుపేరు డాట్ కామ్" అయితే, "అసలుపేరు హైఫన్ జాబ్స్ డాట్ కామ్" పూర్తిగా వేరే సైట్, దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. అలాగే "అసలుపేరు డాట్ ఇంకేదో డాట్ కామ్" అని ఉంటే దాని యజమాని "ఇంకేదో", అసలుపేరు కాదు. డాట్ కామ్‌కు ఆనుకుని ఎడమవైపు ఉన్న మాటే చూడాలి. జీమెయిల్ నుంచి పెద్ద కంపెనీ పేరుతో వస్తే ఇంకేం చూడక్కర్లేదు, మోసమే అనుకోండి.

(ఆ) వాళ్లు పంపిన లింకు నొక్కకుండా, కంపెనీ పేరు మీరే వెతికి సైట్ తెరవండి. కెరీర్స్ పేజీలో ఆ ఉద్యోగం ఉందా?

(ఇ) సైట్ వయసు చూడండి. డొమైన్ పేర్ల (అంటే సైట్ చిరునామాల) వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థకు లుకప్ పేజీ ఒకటి ఉంది, సైట్ పేరు కొడితే ఎప్పుడు రిజిస్టర్ అయిందో చూపిస్తుంది. ఇరవై ఏళ్ల అనుభవం అని రాసుకున్న కంపెనీ సైట్ పుట్టి ఆరు వారాలే అయితే సంగతి తేలిపోయినట్టే. అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంది కదా అనుకోకండి, అది మీకూ సైట్‌కూ మధ్య సమాచారం భద్రంగా వెళ్తుందని చెబుతుంది అంతే, అవతలున్నది మంచివాళ్లని చెప్పదు.

(ఈ) వచ్చిన మెసేజ్‌లోంచి ఒక పూర్తి వాక్యం కాపీ చేసి, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. అదే వాక్యం వేరే కంపెనీ పేర్లతో కనిపిస్తుంటుంది.

(ఉ) ఇంటర్వ్యూ చేసే మనిషి ఫొటోను గూగుల్ లెన్స్‌లో (ఫొటోతో వెతికే సాధనం) పెట్టి, అదే ఫొటో వేరే పేరుతో ఉందేమో చూడండి.

(ఊ) కంపెనీ అసలు సైట్‌లో ఉన్న నంబర్‌కు ఫోన్ చేసి "ఫలానా పేరుతో మీ హెచ్ఆర్‌లో ఎవరైనా ఉన్నారా, ఈ ఉద్యోగం ఉందా" అని అడగండి. మోసగాళ్లు నిజమైన కంపెనీ పేరు, నిజమైన ఉద్యోగి పేరు వాడుకుంటారు, పై తనిఖీలన్నీ దాటినా ఈ ఒక్క ఫోన్‌తో దొరికిపోతారు. చాలామంది ఇదే చేయరు, మొహమాటం. దయచేసి చేయండి.

(ఋ) కంపెనీ మరీ చిన్నదైతే, అసలు సైట్ కూడా లేని ఒక మనిషి అయితే, పై తనిఖీల్లో సగం పనిచేయవు. చిన్నవాళ్లంతా మోసగాళ్లు కాదు. అలాంటప్పుడు వీడియో కాల్ మాట్లాడండి, ఇంతకు ముందు పనిచేసిన ఒకరి వివరాలు అడగండి, మొదటి పని చిన్నదిగా పెట్టుకుని డబ్బులో సగం ముందు తీసుకోండి.

6. మాట్లాడేటప్పుడు అడగవలసిన ప్రశ్నలు

ఇంటర్వ్యూ అంటే వాళ్లు మిమ్మల్ని అడగడమే అనుకుని కూర్చోకండి. ఇవి రాసుకుని అడగండి:

- ఒక మామూలు రోజున నేను చేసే పని ఏమిటి?
- నా పనిని ఎవరు చూస్తారు, నాకు ఎవరు చెబుతారు?
- డబ్బు గంటకా, పనికా, నెలకా? ఏ తేదీన, ఏ దారిలో వస్తుంది?
- పని నచ్చకపోతే ఎన్నిసార్లు సరిచేయాలి?
- ఒప్పందం ఎప్పుడు పంపుతారు, చదవడానికి రెండు రోజులు తీసుకోవచ్చా?

నిజంగా పని ఉన్నవాళ్లు మొదటి ప్రశ్నకు ఉత్సాహంగా జవాబిస్తారు, ఎందుకంటే వాళ్ల నెత్తి మీద ఉన్న పనే అది. మోసగాళ్లు డబ్బు గురించి గంట చెబుతారు, పని గురించి అడిగితే నసుగుతారు. ఆఖరి ప్రశ్న కూడా ముఖ్యమే. "ఈ రాత్రికే చెప్పాలి, రెండు సీట్లే ఉన్నాయి" అంటే తొందరపెట్టడం వాళ్లకు అవసరం కాబట్టే.

ఇంటర్వ్యూ మొత్తం చాట్‌లోనే జరిగి పావుగంటలో "సెలెక్ట్ అయ్యారు" అని వస్తే సంతోషించకండి, ఆపేయండి.

శాంపిల్ పని అడగడం మామూలే, ఎంత అడుగుతున్నారన్నదే చూడాలి. ఒక పేజీ అనువాదం, ఒక చిన్న లోగో స్కెచ్ వరకు సరే. నలభై పేజీలు "టెస్ట్" అంటే పుస్తకాన్ని ముక్కలు చేసి పదిమందితో ఉచితంగా చేయించుకుంటున్నారేమో. అప్పుడు ఇలా రాయండి: "మొదటి పేజీ నమూనాగా చేసి పంపుతున్నాను. మిగతాది నా మామూలు రేటుకు చేయగలను."

7. ఒప్పుకున్నాక: కాగితాలు, మొదటి డబ్బు

రాతపూర్వకంగా లేనిదేదీ ఒప్పందం కాదనుకోండి. క్లయింట్ కాగితం పంపకపోతే మీరే ఒక మెయిల్ పంపండి: పని ఏమిటి, ఎంత, ఎప్పటికి, డబ్బు ఎప్పుడు, ఎన్ని మార్పులు ఉచితం. "సరే" అని జవాబు వచ్చాకే మొదలుపెట్టండి.

గుర్తింపు పత్రాలు ఇవ్వాల్సిన సమయం ఒకటుంటుంది, జీతం చెల్లించే కంపెనీకి అవి కావాలి. కానీ అది తనిఖీ ముగిసి ఒప్పందం చేతికొచ్చాకే. కాపీ మీద అడ్డంగా "ఫలానా కంపెనీ ఉద్యోగం కోసం మాత్రమే", తేదీ రాసి ఇవ్వండి.

ఏ దశలోనూ ఇవ్వకూడనివి:

- ఓటీపీ, పిన్, కార్డు వెనక ఉన్న మూడంకెలు
- మీ ఈమెయిల్, బ్యాంకు, ఫ్రీలాన్స్ ఖాతాల పాస్‌వర్డ్
- మీ ఫోన్ లేదా కంప్యూటర్ తెర. దూరం నుంచే మీ తెరను చూసి నడిపించే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ మామూలు యాప్‌లే, కానీ తెలియనివాళ్లు "సెటప్ చేస్తాం" అంటూ వాటిని వేయమంటే మీ బ్యాంకు యాప్ వాళ్ల చేతిలో పెట్టినట్టే.

మొదటి నెల పనిని ముక్కలు చేయండి. పెద్ద పని మొత్తం ఒకేసారి అప్పగించకుండా, మొదటి భాగం ఇచ్చి, దాని డబ్బు వచ్చాక రెండో భాగం మొదలుపెట్టండి. ఫ్రీలాన్స్ వేదికలో దొరికిన క్లయింట్ "బయట మాట్లాడుకుందాం, కమిషన్ మిగులుతుంది" అంటే ఒప్పుకోకండి, వేదిక ఇచ్చే రక్షణ అక్కడితో పోతుంది, ఖాతా కూడా పోవచ్చు.

8. తరచుగా జరిగే తప్పులు, వాటి మరమ్మతు

ఒకే దరఖాస్తు వందమందికి పంపడం: జవాబులు రావు, నిరాశ పెరుగుతుంది, సరిగ్గా ఆ నిరాశలోనే మోసపు మెసేజ్ తీపిగా అనిపిస్తుంది. వారానికి అయిదే పంపండి, ప్రతిదాంట్లో మొదటి రెండు వాక్యాలు వాళ్ల ప్రకటనలోని అవసరం గురించి రాయండి.

మరీ తక్కువ రేటుతో మొదలుపెట్టడం: తర్వాత పెంచుతాననుకుంటారు, అదే క్లయింట్ దగ్గర పెంచడం చాలా కష్టం. మామూలు రేటు చెప్పి, "మొదటి పనికి ఇంత తగ్గింపు" అని విడిగా రాయండి.

సమయం రాసుకోకపోవడం: రెండు వారాలు ప్రతి పనికి పట్టిన నిమిషాలు రాయండి. గంటకు ఎంత పడుతోందో అప్పుడు తెలుస్తుంది, కొన్ని పనులు మానేయాలని మీకే అర్థమవుతుంది.

డబ్బు ఆలస్యమైతే ఊరుకోవడం: గడువు దాటిన మర్నాడే మర్యాదగా గుర్తుచేయండి, వారం తర్వాత మళ్లీ, అప్పటికీ రాకపోతే కొత్త పని ఆపేయండి. పాత బాకీ ఉండగా కొత్త పని చేయకండి.

ఇంట్లో ఎవరికీ చెప్పకపోవడం: ఆఫర్‌ను ఒప్పుకునే ముందు ఒక్కరికైనా గట్టిగా చదివి వినిపించండి. చదువుతుంటేనే మీకు ఎక్కడో తేడా వినిపిస్తుంది.

9. ఇప్పటికే చిక్కుకుంటే: మొదటి గంటలో చేయవలసినవి

తప్పు మీది కాదు, ఇది రోజంతా ఇదే పనిగా చేసే ముఠాల పని. సిగ్గుపడి రెండు రోజులు దాచితే ఆ రెండు రోజుల్లో డబ్బు చేతులు మారిపోతుంది. వరుసగా ఇవి చేయండి:

- ఇంకొక్క పైసా వేయకండి, "ఇదే ఆఖరు" అన్నా సరే.
- బ్యాంకుకు, లేదా మీరు డబ్బు పంపిన యాప్‌కు, వెంటనే ఫోన్ చేసి మోసం జరిగిందని చెప్పండి, లావాదేవీ ఆపమని అడగండి, ఫిర్యాదు నంబర్ రాసుకోండి.
- వాళ్లను బ్లాక్ చేసే ముందు చాట్, నంబర్లు, ఖాతా వివరాలు, లింకులు అన్నీ స్క్రీన్‌షాట్ తీయండి. తర్వాత వాళ్లే చాట్ చెరిపేస్తే ఆధారాలు పోవచ్చు.
- రిమోట్ యాప్ వేసి ఉంటే ఇంటర్నెట్ ఆపి, యాప్ తీసేసి, వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి. మొదట ఈమెయిల్, తర్వాత బ్యాంకు.
- మీ దేశంలోని సైబర్ నేరాల విభాగానికి ఫిర్యాదు చేయండి. మెసేజ్ వచ్చిన వేదికలో కూడా రిపోర్ట్ కొట్టండి.
- మీ ఖాతాలోకి వాళ్ల నుంచి డబ్బు వచ్చి ఉంటే ఖర్చు పెట్టకండి, ఎవరికీ పంపకండి, బ్యాంకుకు చెప్పండి.
- గుర్తింపు పత్రాలు ఇచ్చి ఉంటే, మీ పేరు మీద కొత్త అప్పులేమైనా వచ్చాయేమో కొన్ని నెలల పాటు క్రెడిట్ రిపోర్టులో చూస్తూ ఉండండి.

కొన్ని రోజులకు "మీ పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాం" అంటూ ఇంకెవరో ఫోన్ చేస్తారు, లాయర్ అంటారు, అధికారి అంటారు, హ్యాకర్ అంటారు, మీ కేసు వివరాలు కూడా చెబుతారు. మోసపోయినవాళ్ల జాబితాలు చేతులు మారుతుంటాయి, ఒక్కోసారి ఫోన్ చేసేది మొదటి ముఠావాళ్లే. ముందుగా రుసుము అడిగారంటే ఫోన్ పెట్టేసి, ఆ నంబర్‌ను కూడా మీ పాత ఫిర్యాదుకు చేర్చండి.